మనవాడేగా, చివర్లో చూద్దాం

అమెరికాలోని క్యారీలో తెలుగువాళ్ల ఇంటి కప్పు మీద సోలార్ ప్యానెల్ కనిపించిందంటే దాని వెనక రఘువీర్ ఉన్నాడని కళ్లు మూసుకుని చెప్పొచ్చు. గుళ్లో ప్రసాదం క్యూలో నిలబడ్డా, బర్త్‌డే పార్టీలో పేపర్ ప్లేటు పట్టుకున్నా, ఎవరో ఒకరు వచ్చి "రఘూ, మా కరెంట్ బిల్లు చూడవయ్యా" అని ఫోన్ మొహం మీద పెట్టేవారు. ఒక్కనాడూ విసుక్కునేవాడు కాదు. మాట మెత్తన, మనిషి మంచివాడు. అబద్ధమెందుకు, నిజంగానే మంచివాడు. అదే కదా ఏడుపు!

అంతకుముందు అతను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేవాడు. ఒక సోమవారం పొద్దున ల్యాప్‌టాప్ తెరిస్తే లాగిన్ కాలేదు, మధ్యాహ్నానికి ఉద్యోగమే లేదని తేలింది. అప్పటికే గ్రీన్‌కార్డు వచ్చి ఉంది కాబట్టి దేశం వదలాల్సిన పని పడలేదు గానీ, అద్దె కట్టలేక అపార్ట్‌మెంట్ వదలాల్సి వచ్చింది. అప్పుడు ఆదుకున్నవాడు ఫణి. ఎమ్మెస్ చదివే రోజుల్లో రూమ్మేటు, ఇప్పుడు ఒక మందుల కంపెనీలో ఇంజనీరు. "మేడ మీద గది ఖాళీగానే ఉంది, వచ్చి పడండి రా" అన్నాడు. రఘువీర్, అతని భార్య పూజిత ఏడాది దగ్గర దగ్గర ఆ గదిలోనే ఉన్నారు. ఫణి భార్య శాంతి ఒక్కరోజు మొహం చిట్లించలేదు. "అన్నయ్యా, ఈ పూట వంకాయ కూర, తింటారు కదా?" అని అడిగి మరీ వండేది. వాళ్ల పాప కృతికి గోరుముద్దలు తినిపించిందీ, తర్వాత సైకిల్ నేర్పిందీ రఘువీరే. మామయ్యా మామయ్యా అని ఆ పిల్ల కాళ్లకి చుట్టుకుపోయేది. ఆ ఊళ్లో తెలిసిన ఇళ్లు వందున్నా, బెల్ కొట్టకుండా తలుపు తోసుకుని లోపలికెళ్లి ఫ్రిజ్ తెరవగలిగిన ఇల్లు అతనికి అదొక్కటే.

ఆ గదిలో ఉండగానే పక్క ఊరు రాలీలో ఒక చిన్న సోలార్ కంపెనీలో చేరాడు. అమ్మడం, పర్మిట్లు తేవడం, పని అయ్యేదాకా వెంటపడి చూసుకోవడం అతని ఉద్యోగం. అమ్మడానికి పెద్ద తెలివేం అక్కర్లేదు. ఇంటికి సోలార్ పెట్టుకుంటే ఖర్చులో ముప్పై శాతం ప్రభుత్వమే ట్యాక్సులో వదిలేస్తుంది. ఆ ఒక్క మాట చెబితే చాలు, మనవాళ్ల చెవులు నిక్కపొడుచుకునేవి. ఇంకా చాలా ఏళ్లు ఉంటుందిలే అని అందరూ తాపీగా ఆలోచిస్తూ కూర్చున్నారు. మనకి తాపీ కొత్తా ఏమిటి?

2025 జులైలో కొత్త చట్టం వచ్చి ఆ తాపీ కాస్తా వదలగొట్టింది. డిసెంబరు ముప్పై ఒకటితో ఇళ్లవాళ్లకి ఆ రాయితీ ఆఖరు. డబ్బు కట్టేస్తే సరిపోదు, సంతకం పెడితే సరిపోదు, ఆ తేదీలోపు పని పూర్తయి ఉండాలి. "చూశావా రఘూ," అని నవ్వాడు ఫణి, "రాజమండ్రిలో మా బాబాయికి గవర్నమెంట్ సబ్సిడీ ఇచ్చి మరీ బతిమాలి పెట్టిస్తోంది. ఇక్కడేమో ఇచ్చింది లాక్కుంటున్నారు. ఎవర్రా డెవలపింగ్ కంట్రీ?" నవ్వుతూనే తనకీ ఒకటి బుక్ చేయమన్నాడు.

ఒక్కసారిగా అందరికీ కావాల్సి వచ్చింది. ప్యానెళ్లు దొరకవు, పనివాళ్లు దొరకరు, పర్మిట్ ఆఫీసులో క్యూ. ఇదంతా ఒక ఎత్తు, మన మూఢం ఒక ఎత్తు. నవంబరు ఆఖర్లో శుక్ర మూఢం మొదలు, మళ్లీ ఫిబ్రవరి సగం దాకా వదలదు. మూఢంలో ఇంటి పని మొదలుపెడతారా ఎవరైనా? పెద్ద పెద్ద వంతెనలకు లెక్కలు కట్టే ఇంజనీర్లు, పిల్లలకు రోబోటిక్స్ నేర్పించే తల్లులు, అందరిదీ ఒకటే మాట: "రఘూ, మూఢంలో వద్దయ్యా. మా అత్తగారు ఒప్పుకోరు."

ఫిబ్రవరిలో పెడితే రాయితీ పోతుంది, డిసెంబరులో పెడితే అత్తగారు ఊరుకోరు. రఘువీర్ బుర్రే బుర్ర! మూఢంలో కొత్తగా మొదలుపెట్టకూడదు గానీ, ముందే మొదలుపెట్టింది కొనసాగిస్తే దోషం లేదు కదా. ఇక చూడండి. మూఢం రావడానికి ముందురోజు కారు డిక్కీ నిండా కొబ్బరికాయలు, పనివాళ్ల క్రూ ట్రక్కులో ప్యానెళ్లు బిగించే అల్యూమినియం పట్టీలు వేసుకుని ఇల్లిల్లూ తిరిగాడు. ఒక్కో ఇంటి కప్పుకి ఒక్కో పట్టీ బిగించడం, కింద కాయ కొట్టడం, ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టడం. క్రూ మేస్త్రీ లూయిస్ నుదుటన సాయంత్రానికి బొట్టు మీద బొట్టు. అందరూ పడీ పడీ నవ్వారు. శాంతి అయితే లూయిస్‌కి పులిహోర డబ్బా కట్టి ఇచ్చింది.

నవ్వులాట బాగానే ఉంది గానీ, అన్ని ఇళ్లూ మొదలై కూర్చున్నాయి, ఒక్కటీ పూర్తి కాలేదు. ఉన్నది ఒక్క క్రూ, మిగిలింది ఒక్క నెల. ముందు ఎవరిది, వెనక ఎవరిది అని వరస పెట్టాల్సి వచ్చింది.

మన పెళ్లిళ్లలో చూడండి. బయటివాళ్లని ముందు బంతిలో కూర్చోబెడతాం, ఇంటివాళ్లు ఆఖరి బంతిలో తింటారు. అప్పటికి గారెలు అయిపోయినా ఎవరూ ఏమీ అనుకోరు. అలా అనుకోకపోవడమే అయినవాడి లక్షణమని మన లెక్క. రఘువీర్ కూడా అదే లెక్క వేశాడు. గుడి కమిటీలో పెద్దమనిషి కృష్ణమూర్తి గారి ఇల్లు ముందు, ఆయన మాట మీద వచ్చినవాళ్లవి ఆ తర్వాత, ఆ తర్వాత ఎడాపెడా ఫోన్లు చేసి సతాయించేవాళ్లవి. అందరికంటే ఆఖరున ఫణిది. "మనవాడేగా, చివర్లో చూద్దాం" అనుకున్నాడు. ఫణికి చెబితే అతనూ అదే అన్నాడు: "నాదేముంది రా, ముందు వాళ్లవి కానీ."

డిసెంబరు అలా పరుగెత్తింది. క్రిస్మస్ వెళ్లాక ఫణి ఇంటికి క్రూ వచ్చింది. ఆఫీసుకి సెలవులు కాబట్టి ఫణి రెండు రోజులూ కిందే నిలబడి, ఏ బోల్టు ఎక్కడ బిగిస్తున్నారో అన్నీ అడిగి తెలుసుకున్నాడు. రెండో రోజు సాయంత్రానికి ఇంకా ఆరు ప్యానెళ్లు బిగించడం మాత్రం మిగిలింది. పొద్దున్నే వచ్చి వేసేస్తాం, వైరింగ్ చేసేస్తాం, అయిపోయింది అన్నాడు లూయిస్.

ఆ సాయంత్రమే కృష్ణమూర్తి గారి ఫోను. ఇన్‌స్పెక్టర్ వచ్చి ఆయన ఇంట్లో కనెక్షన్ సరిగ్గా లేదని తిప్పికొట్టాడు. "ఏమిటయ్యా ఇది? నీ మాట నమ్మి ఇంతమందికి చెప్పానే, రేపటికి సరిచేయకపోతే నా పరువేం కావాలి?" అని ఆయన గొంతు పెంచేసరికి రఘువీర్‌కి ముచ్చెమటలు పట్టాయి. మర్నాడు పొద్దున క్రూని అటు పంపించేశాడు. తాళ్లు, నడుముకి కట్టుకునే బెల్టులు అన్నీ ట్రక్కులో వెళ్లిపోయాయి. నిచ్చెన మాత్రం, ఎలాగూ మధ్యాహ్నం తిరిగొస్తాం కదా అని, ఫణి ఇంటి గోడకి ఆనించే ఉంచారు.

ఆ పొద్దునే రఘువీర్ కృష్ణమూర్తి గారి గరాజ్‌లో ఉండగా ఫణి ఫోన్ చేశాడు.

"ఒరేయ్ రఘూ, మీవాళ్లు ఏరి రా?"

"సారీ రా, ఇక్కడ ఇరుక్కుపోయాం. మధ్యాహ్నానికి పంపిస్తా."

"మధ్యాహ్నం వస్తే వైరింగ్ ఎప్పుడు చేస్తారు? రేపే లాస్ట్ డే. ఆ ఆరూ నేను ఎక్కి పెట్టేస్తాలే. రెండు రోజులుగా చూస్తున్నాగా, నాలుగు బోల్టులేగా. మీవాళ్లు వచ్చి వైరింగ్ చేసుకుంటారు, టైం కలిసొస్తుంది."

ఇటు పక్కనే నిలబడి కృష్ణమూర్తి గారు వాచీ చూసుకుంటున్నారు. రఘువీర్ నవ్వాడు. "నీ ఇష్టం రా బాబూ. నిన్ను ఆపగలనా? జాగ్రత్త" అని పెట్టేశాడు.

వద్దు అని ఒక్క మాట, అంతే కదా! ఎక్కావంటే కాళ్లు విరగ్గొడతానని ఓ కసురు కసిరితే ఏం పోయేది? పదిసార్లు కసిరేంత చనువుంది. ఆ పూట ఆ చనువు ఏమైందో, ఎక్కడ చచ్చిందో!

రాత్రి పడ్డ మంచు కప్పు మీద ఇంకా కరగలేదు. ఫణి మొదటి ప్యానెల్ దాకా కూడా వెళ్లలేదు. వంటింట్లో ఉన్న శాంతికి ధబ్బుమని చప్పుడు వినిపించింది. రెండంతస్తుల ఎత్తు, కింద కాంక్రీటు డ్రైవ్‌వే. సాయంత్రానికి హాస్పిటల్లో డాక్టరు బయటికొచ్చి, ఇక చేయగలిగింది ఏమీ లేదన్నాడు. రఘువీర్ అక్కడే నేల మీద కూలబడ్డాడు. పూజిత లేపబోతే లేవలేదు.

ఫణి తల్లిదండ్రులకి వీసాలు లేవు. అంత్యక్రియలు ఫోన్లలో చూశారు. ఊళ్లో తెలుగువాళ్లందరూ కదిలి వచ్చారు, వంతులు వేసుకుని వండి పెట్టారు. ఆరు ప్యానెళ్లు గరాజ్‌లోనే ఉండిపోయాయి. ఏడాది మారింది, రాయితీ పోయింది, దాని గురించి అడిగేవాళ్లు కూడా ఆ ఇంట్లో లేకపోయారు.

పన్నెండో రోజు భోజనాల దగ్గర కృష్ణమూర్తి గారు తల పంకించి అన్నారు. "ఎన్ని చెప్పండి, మూఢం మూఢమే. ఒక పట్టీ బిగించి మొదలుపెట్టాం అంటే దేవుడు ఒప్పుకుంటాడా? పనంతా మూఢంలోనే కదా జరిగింది." అవునవునని అందరూ అన్నారు. శాంతి తల్లి వీడియో కాల్‌లో ఏడుస్తూ అదే మాట అంది. ఎవరూ రఘువీర్ వైపు వేలు చూపించలేదు. పైగా ఒకాయన భుజం తట్టి, "నువ్వేం చేస్తావయ్యా, గ్రహాలు అలా ఉన్నాయి" అన్నాడు.

చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ మాటతో రఘువీర్ గుండె మీద బరువు దిగింది. ఆ పన్నెండు రోజుల్లో మొదటిసారి కడుపునిండా తిన్నాడు, పప్పు మారు వడ్డించుకున్నాడు. ఇంటికెళ్లాక అదంతా వాంతి చేసుకున్నాడు. పూజిత వీపు నిమురుతూ, "మూఢం అని అంటున్నారుగా, నిన్నెవరూ అనట్లేదుగా" అంది. "అందుకే" అన్నాడు.

జనవరి గడవకముందే కంపెనీ మూతపడింది. రాయితీ లేని సోలార్ కొనేవాడు లేడు. రఘువీర్ మళ్లీ ఉద్యోగం లేనివాడయ్యాడు. ఈసారి దాని బాధ తెలియను కూడా తెలియలేదు. రోజూ ఫణి ఇంటికి వెళ్లేవాడు. చెత్తబుట్ట వీధిలో పెట్టడం, స్కూల్ బస్సు దిగిన కృతిని ఇంటికి తేవడం, ఇన్సూరెన్స్ వాళ్లతో గంటలు గంటలు ఫోన్లో ఉండటం. శాంతి మాట్లాడేది తక్కువ, కాఫీ మాత్రం ఇచ్చేది. ప్రతిరోజూ చెప్పేయాలనుకునేవాడు. ప్రతిరోజూ కాఫీ తాగి వచ్చేసేవాడు.

ఫిబ్రవరిలో మూఢం వెళ్లిపోయింది. వాట్సాప్ గ్రూపులో గృహప్రవేశాలు, పెళ్లిచూపులు, ఫోటోలు మొదలయ్యాయి. అవి చూసి ఉండబట్టలేక ఆ మధ్యాహ్నం కృతి ఇంకా స్కూల్లో ఉండగా వెళ్లాడు. శాంతి వంటింట్లో ఉంది. నిలబడే చెప్పాడు.

"శాంతీ, మూఢం కాదమ్మా. ఆ రోజు వాడు ఫోన్ చేసి తనే ఎక్కుతానన్నాడు. నేను వద్దనలేదు. క్రూని తీసుకెళ్లిందీ నేనే, మీ ఇల్లు ఆఖర్న పెట్టిందీ నేనే. నా వల్లే పోయాడు."

ఏడుస్తుందనుకున్నాడు, తిడుతుందనుకున్నాడు. ఆమె స్టవ్ ఆపి ఇటు తిరిగింది.

"తెలుసన్నయ్యా" అంది.

"ఎలా?"

"ఆయన ఫోన్ స్పీకర్‌లో పెట్టి మాట్లాడారు. నేను ఇక్కడే దోసెలు వేస్తున్నా. నీ ఇష్టం రా బాబూ అన్నారు మీరు. నవ్వారు కూడా."

శాంతి స్టవ్ మీది గిన్నె దించింది.

"మూఢం అని మా అమ్మకి మొదట చెప్పింది నేనే. కృతికీ అదే చెప్పా. ఉన్న నాన్న ఎలాగూ పోయారు, మామయ్య వల్ల పోయారని ఆ పిల్లకి తెలిస్తే ఇంకెవర్ని నమ్ముతుంది? మీరు రోజూ వచ్చి పనులు చేస్తున్నారు, బానే ఉంది. మీరు చెప్పనన్నాళ్లు నేనూ తెలియనట్టే ఉండొచ్చనుకున్నా." గిన్నె మీద మూత పెట్టింది. "ఎందుకు చెప్పారన్నయ్యా? మీ మనసు తేలిక పడటానికా? ఇప్పుడు మీరొస్తే నాకు ఆ నవ్వే వినిపిస్తుంది. ఇంక రాకండి."

అతను క్షమించమని కూడా అడగలేకపోయాడు. తలుపు దాకా వచ్చేసరికి స్కూల్ బస్సు ఆగింది. కృతి బ్యాగు ఊపుకుంటూ పరుగెత్తుకొచ్చి చేయి పట్టుకుంది.

"మామయ్యా, గోయింగా? నా సైన్స్ ప్రాజెక్ట్ హెల్ప్ చేస్తా అన్నావ్!"

"పని ఉంది తల్లీ."

"టుమారో వస్తావా?"

రఘువీర్ వెనక్కి తిరిగి చూశాడు. శాంతి గుమ్మంలో నిలబడి ఉంది. అవుననలేదు, కాదనలేదు.

"మామయ్యకి వేరే ఊళ్లో జాబ్ వచ్చిందమ్మా" అన్నాడు. కృతి "కంగ్రాట్స్!" అని గట్టిగా కౌగిలించుకుంది.