వేళకాని కూత

అరబ్బు దేశంలోని దార్సైట్‌లో మా ఫ్లాటు కింద ధూపానికి బొగ్గులు రాజేసినప్పుడల్లా నాన్న పనిచేసిన గని నాకు స్ఫురిస్తుంది.

తెల్లదొరల కాలంనాటి ఆ చిన్న బొగ్గుగనిలో షిఫ్టు ముగిసినట్లు కూత మోగగానే, నాన్న స్నానానికి నీళ్లు కాచడం నా వంతు. ఒకనాడు మధ్యాహ్నమే కూత మోగింది.

“అమ్మా, నాయిన జల్ది వస్తుండు!” అంటూ సంబరంగా పొయ్యి రాజేశాను.

“నువ్వు ఇంట్లనే ఉండు బిడ్డా” అని అమ్మ చెప్పులైనా తొడగకుండా గని వైపు పరుగెత్తింది.

వేళకాని కూత ప్రమాదానికి గుర్తని అప్పటికి నేనెరుగను. నీళ్లు చల్లారినప్పుడల్లా మళ్లీ కాచాను.

పొద్దు వాలుతుండగా నాన్నను మంచంపై మోసుకొచ్చి వాకిట దింపారు.

“నాయినా, నీళ్లు కాగినయ్, లే” అన్నాను.

పొరుగింటి అత్త నన్ను అక్కున చేర్చుకొని, “బిడ్డ కాచిన నీళ్లే పొయ్యుండ్రి” అంది.

అది కడసారి స్నానమని తెలియక, ఇంకొక బిందెడు నీళ్లు కాచడానికి పొయ్యి దగ్గరకు పరుగెత్తాను.