లావెండర్ మీద గడ్డి

గడువు ముంచుకొస్తున్నా అప్లై చేయకుండా, మీకోసం ఎవరో ప్రార్థిస్తున్నారని ధీమాగా కూర్చున్నారా?

కెనడాలోని రెజైనాలో చదివేటప్పుడు మాకు బేస్‌మెంట్ అద్దెకిచ్చిన కాకినాడ ఆంటీని నేను మొదటినుంచీ అనుమానించాను. చలికాలం రాగానే ఆవిడ పెరట్లోని లావెండర్ మొక్కల ముందు మోకరించి ప్రార్థన చేసేవారు. ఎంత మంచు పడినా అవి బతికేవి. చర్చిలో అందరూ దాన్ని అద్భుతమనేవారు. ఆవిడ కాదనేవారు కాదు. ఆ గొప్ప కావాలనే ఉంచుకుంటున్నారేమోనని నా అనుమానం.

ఓసారి పక్కనే నిలబడి చూశాను. ముందు మట్టిలో వేలు గుచ్చి తడి చూశారు. వేర్ల దగ్గర నీరు నిలిస్తే లావెండర్ కుళ్లిపోతుందట. తర్వాత ఎండుగడ్డి దట్టంగా పరిచి, గోనెపట్టా కప్పారు. ఆ తర్వాతే మోకరించారు.

"మహిమ గడ్డిదే కదా ఆంటీ?"

"నీకన్నీ అనుమానాలే బాబూ!" అని నవ్వారు.

ఇంతలో నా రూమ్‌మేట్ వచ్చాడు. "ఆంటీ, ఈ వారంతో నా స్టడీ పర్మిట్ ఎక్స్‌పైర్ అవుతోంది. ప్రేయర్ చేయండి."

"ఎక్స్‌టెన్షన్‌కి అప్లై చేశావా?"

"ఇంకా లేదాంటీ. మీరు ప్రేయర్ చేశాక..."

"గడ్డి కప్పకుండా ఈ మొక్కకైనా ప్రేయర్ చేశానా? లాప్‌టాప్ పట్రా. నువ్వు సబ్మిట్ కొట్టాకే నేను మోకరిస్తా."

వాడు మెట్లమీద కూర్చుని పూర్తిచేసేదాకా, ఆవిడ మట్టిచేతులతో చలిలోనే నిలబడ్డారు.

పర్మిట్ వచ్చాక వాడు చర్చిలో ఆంటీ ప్రార్థన గురించే సాక్ష్యం చెప్పాడు, లాప్‌టాప్ మాటే ఎత్తలేదు. ఆవిడ అప్పుడూ కాదనలేదు. ఆ మౌనం మీద నా అనుమానం ఇంకా తీరలేదు.

మీరు మాత్రం లేవండి. ముందు అప్లై చేయండి.