ఇనుము దాటకూడని రాళ్లు

మార్కాపురం నుంచి దోర్నాల వెళ్లే దారిలో ఒక బోడిగుట్ట ఉంది. దాని మీద కూర్చుని శత్రువు విమానాన్ని చెవితో పట్టుకున్న మనిషిని నేను. నమ్మకపోతే మీ ఇష్టం. మా ఊళ్లోనూ ఎవరూ నమ్మరు.

విమానం సంగతి పక్కన పెట్టండి. పెద్ద యుద్ధం ముగిసిన చాలా ఏళ్లకు, మా తాలూకా ఇంకా కర్నూలు జిల్లాలో ఉండగా, ఆ గుట్ట మీద మిలిటరీవాళ్లు రేడియో స్టేషన్ పెట్టిన మాట మాత్రం నిజం. పాటలు వినిపించే రేడియో కాదది. అది మాట్లాడదు, వింటుంది. ఆకాశంలో ఎక్కడో ఒక విమానం పిలిస్తే, ఆ పిలుపు ఏ దిక్కు నుంచి వస్తోందో పట్టుకుంటుంది. నాలుగు కొయ్య స్తంభాలు, మధ్యలో చెక్క గది, లోపల చెవులకు డబ్బాలు తగిలించుకుని చక్రం తిప్పే ఒక హవల్దారు. శబ్దం గట్టిగా వినిపించే వైపు కాదట చూసుకోవాల్సింది, వినిపించకుండా పోయే వైపట.

దగ్గర్లో ఇనుముంటే యంత్రం దిక్కు తప్పుతుందని గుట్ట చుట్టూ రాళ్లు పాతి సున్నం కొట్టారు. గొడ్డలి, కొడవలి, ఇనప కమ్మీ వేసిన బండిచక్రం, చివరికి గొడ్ల మెడలో గంట కూడా ఆ రాళ్లు దాటి పోకూడదు. అందరూ అక్కడే దించి వెళ్లేవాళ్లు.

ఒక పొద్దున లారీలు వచ్చి అంతా ఎత్తుకుపోయాయి. చెక్క గది ఊళ్లో ఇళ్లకు తలుపులయింది. స్తంభాల గుంతలు పలకల గనుల చెత్తతో పూడిపోయాయి. రాళ్లు మిగిలాయి, వాటితోపాటు అలవాటూ మిగిలింది. ఇప్పటికీ గొర్రెల కాపరులు గొడ్డలి అక్కడ దించాకే లోపలికి అడుగు వేస్తారు. ఎందుకంటే, అమ్మవారికి ఇనుము పడదంటారు. ఏ అమ్మవారో ఎవరూ చెప్పలేరు.

అక్కడ పనిచేసిన వాళ్లు ఒకరి తర్వాత ఒకరు పోయారు. నాతోపాటు అక్కడ బండి తోలినవాడు కూడా పోయాక, ‘అవునా, కాదా’ అని అడగడానికి మనిషి లేడు. సాయంత్రాలు ఒక్కణ్ణే వెళ్లి ఏదో ఒక రాయి మీద కూర్చుని, చీకటి పడే వేళకు లేచి వచ్చేవాణ్ణి.

ఈమధ్య ఊరి కుర్రాళ్లు అక్కడ గుడి కట్టాలని ముగ్గు పోశారు. కట్టుకోండి, నేను అడ్డం రాను. అక్కడ ముందు ఏముండేదో ఒక్కరైనా ఒప్పుకుంటే చాలు. ఆ మాటే చెబితే నవ్వారు.

“మొన్న విమానాన్ని పట్టినావు. నిన్న, నీళ్లే లేని ఊళ్లో ఓడను పట్టినావు. ఈపొద్దు అమ్మవారి మీద పడినావేంది తాతా?”

వాళ్లను అని లాభం లేదు. టీ కొట్టు దగ్గర ఏడాదికొక విమానాన్ని పట్టుకుంటూ వచ్చింది నేనే. నా కోతల్లో స్టేషన్ కూడా ఒక కోత అయి కూర్చుంది. కాబట్టి ఇక ఉన్నదున్నట్టు చెబుతాను. శత్రువూ రాలేదు, నేను చక్రమూ తిప్పలేదు. నీళ్ల బండి తోలేవాణ్ణి. బండిని రాళ్ల దగ్గర ఆపి, మట్టికుండలతో పైకి నీళ్లు మోసేవాణ్ణి. ఒకనాడు హవల్దారు ముచ్చటపడి ఆ డబ్బాలు నా చెవులకు పెట్టాడు. అంతే. కుర్రాళ్లకూ ఇదే చెప్పాను, నమ్మలేదు.

స్టేషనుకు కట్టెలు తెచ్చే చెంచు పిల్ల ఒకతె ఉండేది, నాకంటే కాస్త పెద్దది. పుల్లలచెరువు అవతల కూతురింట్లో ఉందని తెలిసి బస్సెక్కాను. ఆమె నన్ను కిందికీ మీదికీ చూసింది.

“నీళ్లబండోడివి గదా. ఎంత ముసిలోడివైనావు.”

ఎన్నేళ్లయిందో నన్నట్లా పిలిచి. “గుట్ట దగ్గరికొచ్చి ఒక్క మాట చెప్పిపోదువు రా అక్కా” అన్నాను.

గుట్ట దగ్గర కుర్రాళ్లంతా చేరారు. ఆమె చేతికర్ర అడుగున ఇనప పొన్ను ఉంది. రాళ్ల దగ్గరికి రాగానే, ఎవరూ చెప్పకముందే, కర్రను అక్కడ పెట్టి నా భుజం పట్టుకుంది.

“చూసినావా తాతా, అవ్వక్కూడా తెలుసు అమ్మవారి సంగతి” అన్నాడొకడు.

“ఏ అమ్మవారురా? మిలిటరోళ్ల టేషను ఇది. ఇనుము తెస్తే లోపలాయన కేకలేస్తాడు” అంది.

కుర్రాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాకు ఛాతీ కాస్త పొంగింది.

“అట్లయితే తాత పైకి నీళ్లు మోసింది, చెవులకు డబ్బాలు పెట్టుకునింది గూడా నిజమేనా అవ్వా?”

ఆమె నా భుజం మీద నుంచి చెయ్యి తీసింది.

“ఈయనా? ఈ రాయి ఏనాడు దాటినాడు? కుండలు మోసింది నేను. డబ్బాలు పెట్టింది నా చెవులకి. ఈయన బండికింద పండుకొని గురక పెడతా ఉండె.”