సున్నం పిన్ని ఉతికిన మట్టిరంగు చొక్కా

ఆ వీధిలో లాండ్రీ నడిపే ఆవిడని అందరూ సున్నం పిన్ని అనేవారు. ఆవిడ చేతిలో పడ్డ తెల్లబట్ట వెల్లవేసిన గోడలా తిరిగొచ్చేది మరి. కాలరు మీద ఇంత మరక మిగిలినా ఆ పూట ఆవిడకి ముద్ద దిగేది కాదు. ఇస్త్రీబల్ల దగ్గర్నుంచి మొగుడు ఏడిపించేవాడు.

"పెళ్లిచూపుల్లో నన్నూ ఇలాగే వెలుతురులో పెట్టి చూసిందండీ!"

"చూశాను. వదిలే మరక కాదని అప్పుడే తెలిసింది," అనేది పిన్ని.

ఊరికి నీళ్లు కొండవాగు నుంచే. పైన సర్కారు అడవిలో ఒక పక్క చెట్లు కొట్టేసిన దగ్గర్నుంచి, వాన పడితే చాలు, వాగు టీ రంగులోకి తిరిగేది. పిన్ని గొణుక్కోలేదు. డ్రమ్ముల్లో నీళ్లు పట్టి, పటిక తిప్పి, మట్టి అడుక్కి దిగాక పైనీళ్లు వడగట్టి ఉతికేది. నడుం పడిపోయేది గానీ తెలుపు మాత్రం తగ్గేది కాదు.

ఇప్పుడు రెండో పక్క కూడా, సరిగ్గా వాగు పుట్టేచోటే, కొట్టేస్తారని తెలిసింది. మొగుడి అక్క, అంటే పిన్నికి వదిన, ఇల్లిల్లూ తిరిగి జనాన్ని కూడగట్టింది. కొత్తగా వచ్చిన అటవీశాఖ ఆఫీసరు సభ పెట్టాడు. అందరి మాటా ఓపిగ్గా విన్నాడు.

"వానకి కాస్త మట్టి రావడం ఎక్కడైనా ఉన్నదే కదండీ. ఇదిగో, నా చొక్కా ఈ ఊళ్లో ఉతికిందే. వాగు అంత పాడైతే ఇది ఇలా మెరుస్తుందా?"

హాలంతా చొక్కాకేసి చూసింది. ఆ తర్వాత పిన్నికేసి.

"కొంప ముంచావే తల్లీ," అంది వదిన ఆవిడ చెవిలో. "ఇన్నాళ్లూ మేం అరిచిందంతా ఒక్క ఉతుకులో కొట్టుకుపోయింది."

పిన్ని లేచింది. "బాబూ, అది వాగు తెలుపు కాదు, నా పటిక తెలుపు. ఇంకో చొక్కా ఇవ్వండి. ఈసారి నీళ్లు వచ్చినవి వచ్చినట్టే పోసి ఉతుకుతాను."

"పాడైపోతే?"

"పాడవ్వాలనే కదండీ!"

అందరితో పాటు ఆఫీసరూ నవ్వేశాడు. మర్నాడే చొక్కా పంపాడు.

వాన పడ్డ రోజున పిన్ని ఉతకడానికి కూర్చుంది. అలవాటుకొద్దీ చెయ్యి పటిక వైపు పోతుంటే మొగుడు డ్రమ్ముకి అడ్డంగా నిలబడ్డాడు. "అటు వెళ్లావో, అక్కని పిలుస్తా!" ఆరేసిన చొక్కా చూసి దారిన పోయేవాళ్లు, "ఏం పిన్నీ, చూపు తగ్గిందా?" అంటుంటే సిగ్గుతో దానిమీద తువ్వాలు కప్పింది. మొగుడు ఆ తువ్వాలు లాగేశాడు.

ఆ చొక్కాయే తొడుక్కుని ఆఫీసరు వాగు వెంట పైదాకా నడిచాడు. చెట్లు లేని పక్కనుంచి మట్టి జారి నీళ్లలో పడటం కళ్లారా చూశాడు. పైఅధికారుల దగ్గరికీ దాంతోనే వెళ్లొచ్చాడు.

మళ్లీ సభ జరిగింది. వాగు పుట్టేవైపు ఒక్క చెట్టూ కొట్టరాదన్న ఉత్తర్వు ఆయన చదువుతుంటే హాలు చప్పట్లతో మోగిపోయింది. వదిన కళ్లొత్తుకుంది. పిన్ని చూపు మాత్రం ఆయన వేసుకొచ్చిన ఆ మట్టిరంగు చొక్కా కాలరు మీదే ఉంది.

"ఉత్తర్వు ఇక మారదు కదా బాబూ?"

"మారదు పిన్నిగారూ."

"అయితే ముందు ఆ చొక్కా ఇలా పంపించండి. చూడలేక చస్తున్నాను!"