తెల్ల చీరల బొంత

మా మనవరాలు నెలలు నిండకుండా పుట్టింది. ఎనిమిదో నెల నడుస్తుండగా ఒక పొద్దున్న కోడలికి నొప్పులొచ్చాయి. మధ్యాహ్నానికి కాన్పయింది. బరువు తక్కువని బిడ్డను గాజు పెట్టెలో పెట్టారు. ఇంటికి ఎప్పుడు పంపుతారని అడిగితే, పాలు పట్టి కాస్త ఒళ్లు చేయనివ్వమన్నారు. ఈలోగా పాత నూలు బట్టలు సిద్ధం చేసుకోమని నర్సు చెప్పింది. కొత్త బట్ట వద్దంది, ఊలు వద్దంది. బిడ్డ చర్మం ఉల్లిపొరలా ఉంది, గరుకు తగిలితే కందిపోతుంది.

ఇంట్లో ఒక్క గుడ్డముక్క సిద్ధంగా లేదు. బిడ్డ కడుపులో ఉండగా బట్టలు కుట్టకూడదని మా వైపు అంటారు. మేం బతుకుతెరువుకు ఇక్కడికొచ్చిన తెలుగువాళ్లం, కోడలిది ఈ ఊరి బెంగాలీ కుటుంబం. వాళ్లూ అదే అంటారు. పెళ్లయిన దగ్గర్నుంచి రెండు ఇళ్లవాళ్లం వాదన లేకుండా ఒప్పుకున్నది ఈ ఒక్క సంగతే. తొమ్మిది నెలలూ నిండాక, పురిటి రోజుల్లో కూర్చుని కుట్టొచ్చులే అనుకున్నాం. ఆ పిల్ల మాకు ఆ వ్యవధి ఇవ్వలేదు.

బొంత కుట్టాలని ఆసుపత్రి మెట్లు దిగుతుండగానే నిశ్చయించుకున్నాను. బొంత పని నాకు మా అత్త నేర్పింది. నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాకే కాని సూది పట్టింది మాత్రం పదహారేళ్లకే. ఇప్పటికీ నా అక్షరాలు వంకర్లు పోతాయి, కుట్టు పోదు. పాత చీరలు పొరలు పొరలుగా నేలమీద పరిచి, ముడతలు చేత్తో సాపు చేసి, అంచుల మీద బరువులు పెట్టి, ఒక మూల నుంచి చిన్న చిన్న కుట్లు వేసుకుంటూ రావాలి. చీర ఎంత ఉతుకు తింటే బొంత అంత మెత్తగా వస్తుంది.

చిక్కేమిటంటే నా దగ్గర పాత నూలు చీర లేదు. పోయినేడు దుర్గా పూజలకు ముందు ఇల్లు దులిపినప్పుడు, పాత బట్టలకు గిన్నెలిచ్చే ఆమె వీధిలోకి వచ్చింది. ఉన్న నేత చీరలన్నీ మూటకట్టి ఇచ్చేసి, మూత ఉన్న పెద్ద స్టీలు గిన్నె తీసుకున్నాను. ఇప్పుడు నేను కట్టేవన్నీ సింథటిక్ చీరలు. తొందరగా ఆరతాయి, ఇస్త్రీ అక్కర్లేదు. పసిబిడ్డ కిందకు మాత్రం పనికిరావు.

నా అవస్థ చూసి మంచం మీద నుంచి మా అత్త అంది.

"ఆ గిన్నిలోనే పడుకోబెట్టు గుంటని. మూత కూడా ఉంది కదేటి."

ఇరుగుపొరుగు తెలుగువాళ్ల ఇళ్లకు వెళ్లి అడిగాను. అందరూ ఇళ్లలో నైటీలకు అలవాటు పడ్డారు, నూలు చీర అంటే పెళ్లిళ్లకు కొనే ఖరీదైనదే. మా ఆయన కార్పొరేషన్‌లో మురుగు కాలువల పని చేస్తాడు. డ్యూటీ దిగి వస్తూ మెటియాబ్రుజ్‌లో దర్జీల దగ్గర కత్తిరింపు ముక్కలు ఒక గోతం నిండా పట్టుకొచ్చాడు. గర్వంగా నేలమీద గుమ్మరించాడు. గంజి, రంగు వాసన ఇల్లంతా కొట్టింది. అందులో సగం జీన్స్ ప్యాంటు ముక్కలు. ఆయనే ఒక ముక్క తీసి చెంపకు రాసుకుని చూసి, మళ్లీ గోతంలోకి ఎత్తేశాడు.

అప్పుడు నాకు వియ్యపురాలు గుర్తొచ్చింది. ఆమె నదికి అవతల, షాలిమార్ దగ్గర ఒక సందులో ఒంటరిగా ఉంటుంది. భర్త పోయి ఇరవై ఏళ్లు దాటింది. అప్పటినుంచి తెల్ల నూలు చీరలే కడుతుంది. పెళ్లిలో ఆమె పక్కన కూర్చున్నప్పుడు ఆ చీర నా చేతికి తగిలింది, వెన్నలా ఉంది. అయితే మా ఇద్దరికీ పెద్దగా మాటల్లేవు. మా చింతపండు వాళ్ల అమ్మాయి కడుపు పాడుచేస్తుందని ఆమె భయం. వాళ్ల పప్పు పప్పు కాదు, పప్పు కడిగిన నీళ్లని నా అభిప్రాయం. అయినా సరే, మర్నాడే బస్సెక్కాను.

నేను వెళ్లేసరికి ఆమె కూతుర్ని చూసొచ్చి అన్నం వార్చుతోంది. ఒకే గిన్నెలో బియ్యం, బంగాళాదుంపలు, గుమ్మడి ముక్కలు, చిన్న గుడ్డలో మూటకట్టిన పెసరపప్పు, అన్నీ కలిపి ఉడికించేసింది. సెద్దో భాత్ అంటారు. దుంపను ఆవనూనె, పచ్చిమిర్చి వేసి చేత్తోనే మెదిపి నాకు పెట్టింది. మేం మాట్లాడుకునేది బెంగాలీలోనే, ఇక్కడ తెలుగు చేసి రాస్తున్నాను. తిన్నాక వచ్చిన పని చెప్పాను. ఆమె ముఖం మారిపోయింది.

"నా బట్ట ఆ బిడ్డకు తగలకూడదు, బేయాన్," అంది. వియ్యపురాలిని వాళ్లు అలా పిలుస్తారు. "ఇవి ఏం చీరలో మీకు తెలీదా?"

కొత్తవి కొనిస్తానంది. కొత్తది పనికిరాదన్నాను. ఎవరినైనా అడిగి రంగు చీరలు తెప్పిస్తానంది. ఎవరి దగ్గరా లేవన్నాను. ఆమె లేచి గిన్నెలు కడగడానికి వెళ్లింది. నేను కదల్లేదు. ఆ పిల్ల ఎన్నాళ్లో గాజు పెట్టెలో ఉండదు. రేపో ఎల్లుండో ఇంటికొస్తుంది. పక్క లేకుండా పిల్లను ఇంటికి తెచ్చుకునే ఉద్దేశం నాకు లేదు. వియ్యపురాలు తిరిగొచ్చాక అడిగాను.

"దీదీ, మీ ఆయన పోయాక మీ అమ్మాయి ఎవరి పక్కన పడుకునేది?"

"నా పక్కనే. ఇంకెవరున్నారు?"

"అప్పుడు మీరు ఏ చీర కట్టుకున్నారు?"

ఆమె తన కొంగు వైపు చూసుకుంది.

"ఆ చీరను పట్టుకుని నిద్రపోయిన పిల్లకు ఏమైంది? చదువుకుంది, ఉద్యోగం తెచ్చుకుంది, మా అబ్బాయి నెత్తికెక్కి కూర్చుంది."

ఆమె నవ్వాపుకోలేకపోయింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. పెట్టె తెరిచి చీరలు ఒక్కొక్కటీ వెలుతురుకు పట్టి చూసి, చిరుగులు లేనివి ఏరి నా ఒళ్లో పెట్టింది. రెండు షరతులు పెట్టింది. కుట్టు ఎర్రదారంతో వేయాలి. తెల్లచీర పైకి కనబడకూడదు, నడిమి పొరలో ఉండాలి. ఎర్రదారానికి సరేనన్నాను. రెండో మాటకు సమాధానం చెప్పకుండా చెప్పులు తొడుక్కున్నాను.

మా క్వార్టరు ఒక గది, ఒక వరండా. బొంత పరిస్తే నేల ఉండదు. మంచం మడిచి గోడకు ఆనించి, అత్తను వరండాలో కూర్చోబెట్టి పని మొదలుపెట్టాను. వంటకు కూర్చునే తీరిక లేక నేనూ ఒక్క గిన్నె అన్నమే పొయ్యి మీద పెట్టాను, వియ్యపురాలి పద్ధతిలో. మెదిపేటప్పుడు మాత్రం కాల్చిన ఎండుమిర్చి, కాస్త చింతపండు వేశాను. మా ఆయన కంచం వైపు చూసి, ఇంకెన్నాళ్లని మాత్రం అడిగి తిన్నాడు.

అత్త తిండికి పేచీ పెట్టలేదు, చీరలకు పెట్టింది. ఎవరివని అడిగితే ఉన్నమాట చెప్పాను.

"మొగుడు పోయినదాని సీర పసిగుడ్డుకా? నీకు మతేటైనా పోయిందేటే?"

"మావయ్య పోయాక నీ ఒళ్లోనే కదత్తా నీ మనవడు పెరిగింది."

"నాది రంగు సీర."

"రంగుంటే మావయ్య ఉన్నట్టా?"

అన్నాక ఎక్కువైందనిపించింది. అత్త ఆ సాయంత్రమంతా నాతో మాట్లాడలేదు. నేను సూది ఆపలేదు. అడుగున మా ఆయన పాత గళ్ల లుంగీ పరిచాను. దానిమీద తెల్లచీరలు. నడిమి పొర బిడ్డకు తగలదు, పై పొరే తగులుతుంది. ఉన్నవాటిలో అన్నిటికన్నా మెత్తనిది తీసుకెళ్లి నడుమ దాచడానికా నేను నది దాటింది? అందుకని అన్నిటికన్నా పాత తెల్లచీరనే పైన వేశాను. వేళ్లకు సూది పోట్లు పడ్డాయి, నడుము పట్టేసింది. కళ్లజోడు చెమటకు జారుతుంటే తాడు కట్టుకున్నాను. రెండో రోజు అత్త మాట్లాడకుండానే వచ్చి, సూదిలో దారం ఎక్కించలేకపోయినా, ఒక అంచు మీద బరువుకు తనే కూర్చుంది.

బిడ్డను ఇంటికి తెచ్చిన రోజు వియ్యపురాలూ వచ్చింది. మంచం మీద పరిచిన బొంత చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. ఎర్రకుట్టు వరసలు వేసిన తెల్ల నేల. ఆమె నా వైపు చూడకుండా వెళ్లి బొంతను తిరగేసింది. ఇప్పుడు లుంగీ గళ్లు పైకొచ్చాయి. నేను వెళ్లి మళ్లీ తిరగేశాను. ఆమె మళ్లీ చెయ్యి వేసింది. కోడలు బిడ్డనెత్తుకుని నిలబడే ఉంది. మా అబ్బాయి ఇద్దరమ్మల మధ్య ఏ పక్కా మాట్లాడే ధైర్యం లేక ఫ్యాను స్విచ్చు దగ్గరకు వెళ్లాడు.

మా అత్త కర్ర పట్టుకుని లేచింది. అరచేత్తో ముందు లుంగీ పక్క నిమిరింది, తరవాత తెల్ల పక్క నిమిరింది. ఆమెకు చూపు తక్కువ. రెండుసార్లు నిమిరి చూసి, తెల్లది పైకి ఉండేలా పరిచింది.

"పడుకోబెట్టండి. గుంటకి రంగులు కనబడతాయా ఏటి? మెత్తదనం తెలుస్తాది."

అత్త తెలుగు వియ్యపురాలికి రాదు. కోడలు బెంగాలీలో చెప్పింది. వియ్యపురాలు కూతురి చేతుల్లోంచి బిడ్డను తనే తీసుకుని, తనే తెల్లచీర మీద పడుకోబెట్టింది. బిడ్డ కాళ్లు ముడుచుకుని, ఒకసారి మూలిగి నిద్రపోయింది. వీపు కింద చెయ్యి పెట్టి చూశాను, ఎక్కడా గరుకు లేదు.

కొంతసేపటికి బొంత తడిసింది. తీసి ఉతికి వరండాలో తాడు మీద వేశాను. పిల్లను మా ఆయన కట్టుకునే లుంగీ మడతల మీద సర్దాం. వానాకాలం, ఎప్పటికి ఆరుతుందో తెలీదు. వియ్యపురాలు ఆ తాడు వైపు, ఆకాశం వైపు చూసింది. ఒక్క బొంతతో బిడ్డను ఎలా పెంచుతారు బేయాన్, అని నన్నే దెప్పింది. మర్నాడు పొద్దున్న మొదటి బస్సుకే మిగిలిన తెల్లచీరలు సంచిలో పెట్టుకుని దిగింది. తన సూది తనే తెచ్చుకుంది. నేను మంచం మడిచి గోడకు ఆనించాను.