నలభై రెండో బండి వైపర్

మా అమ్మ తన బైబిలు తెచ్చి నా ముందు పెట్టినా, దాని మీద చెయ్యి వేసి ఇదే చెబుతాను. కాకపోతే ముందు సబ్బుతో చెయ్యి కడుక్కోవాలి... పాలిష్ మరకలు అంత తొందరగా పోవు. నవ్వకండి. ఆ రాత్రి నాకు జ్వరం లేదు. మందు మాత్ర ఏదీ మింగలేదు. ఏం జరిగిందో అదే చెబుతున్నాను, వినండి.

నా పని మీకు తెలుసు. ఆదిత్యపూర్‌లో షెడ్డు. కొత్త కార్లు ట్రైలర్ల మీద వస్తాయి. కొత్తవే, కానీ కొత్తగా ఉండవు. దారి దుమ్ము, ప్లాస్టిక్ పొరల జిగురు, వాటికి తోడు ఉక్కు ఫ్యాక్టరీలున్న మా ఊరి గాలిలోని ఇనుప రజను. కంటికి కనపడదు, పోయి పెయింటులో దిగబడుతుంది. అదంతా తీసి, మెరుగు పెట్టి, మొహం చూసుకునేలా చేసి పంపాలి. మేం ఐదుగురం, అందరం ఆడవాళ్ళమే.

ఈ పని నాకు నేర్పింది సింహాచలం మావయ్య. సొంత మావయ్య కాదు, నాన్న స్నేహితుడు. సోనారిలో మా పక్కిల్లు. జీవితమంతా కార్ల పెయింటు దగ్గరే గడిపాడు. అబ్బ... ఏం చెయ్యండీ అది! వేళ్ళకి పల్చటి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని, కళ్ళు మూసుకుని, బానెట్ మీద నిమిరేవాడు. పసిపిల్ల వీపు నిమిరినట్టే.

"ఏటే కరుణా, కంటితో సూత్తే ఏటి తెలుత్తాది? సెయ్యెట్టి సూడు. ఇదిగో, ఇక్కడ గరుకు తగుల్తంది" అనేవాడు.

నాకేమీ తగిలేది కాదు. "నీకు చాదస్తం మావయ్యా" అనేదాన్ని. భూతద్దం పెట్టి చూస్తే, సరిగ్గా అక్కడే ఉండేది ఇనుప రేణువు. ఒళ్ళు మండిపోయేది నాకు.

ఆయనదొక పద్ధతి. కారు అయిపోయిందని మేం చెబితే సరిపోదు. టార్చి పట్టుకుని, హవాయి చెప్పులు ఈడ్చుకుంటూ చుట్టూ తిరిగేవాడు. నచ్చితే డ్రైవరు వైపు వైపర్‌ని పైకెత్తి నిలబెట్టేవాడు. టక్... అంతే. మెచ్చుకోలు లేదు, భుజం తట్టడం లేదు. వైపర్ లేచిందంటే ఆ కారు పాసు, ఇక ఎవరూ ముట్టుకోకూడదు. లేవలేదా, మళ్ళీ మొదటినుంచి. తొమ్మిదేళ్ళు ఆయన కింద పనిచేశాను. నేను చేసిన కారుకి మొదటి చూపులో వైపర్ లేవడం... ఒక్కసారి కూడా జరగలేదు. ఎన్నిసార్లు బాత్రూములోకి వెళ్ళి ఏడ్చానో!

పోయినేడు వానాకాలంలో ఆయన పోయాడు. ఆ తర్వాత మేం వైపర్లు ఎత్తడం మానేశాం. అయిపోయిన కారు అద్దానికి పచ్చ స్టిక్కరు అంటిస్తాం. ఆ వైపర్ ఎత్తే అర్హత మాలో ఎవరికుంది చెప్పండి?

ఇక ఆ రాత్రి సంగతి.

అద్దె కార్ల కంపెనీ ఒకటి నలభై రెండు బండ్లు మాకు అప్పగించింది. అన్నీ ఒకే రంగు, నలుపులాంటి ముదురు నీలం. మా పనిలో ఉన్నవాళ్ళని అడగండి ఆ రంగు సంగతి. వెంట్రుకంత గీత పడినా ఎండలో సాలెగూడులా పైకి కనిపిస్తుంది. ఉదయం ఏడింటికి కంపెనీ ఇన్‌స్పెక్టరు వస్తాడు. ఒక్క కారు తప్పినా మొత్తం పని వేరేవాళ్ళకి వెళ్ళిపోతుంది. అంతకుముందే రెండు పనులు చేజారాయి. ఇదీ పోతే షెడ్డుకి తాళమే. ఐదుగురం ఇంట్లో కూర్చోవడమే.

నాలుగు రోజులు నడుములు విరిగేలా చేశాం. పదకొండింటికి మిగిలింది ఒక్క బండి, నలభై రెండోది, వెనక గోడ దగ్గర కుళాయి పక్కన ఉన్నది. దానికీ చివరి తుడుపే. "మీరు వెళ్ళండే, ఇది నేను చూసుకుంటా" అని నలుగురినీ పంపేశాను. గేటు దగ్గర వాచ్‌మన్ మహతో. లోపల నేను.

బానెట్ తుడుస్తుంటే గుడ్డ చేతిలోంచి జారింది. కింద పడింది.

కింద పడిన గుడ్డ మళ్ళీ కారుని తాకకూడదు. మా పనిలో మొదటిరోజు నేర్పేది అదే. మా పనికి ఓనమాలు లాంటిది. కానీ కళ్ళు మూతలు పడుతున్నాయి. కొత్త గుడ్డ కోసం షెడ్డు ఆ చివరికి నడవాలి. వంగాను, తీశాను, రెండుసార్లు దులిపాను... తుడిచాను.

టార్చి వేసి చూశాను. బానెట్ నిండా సన్నటి గీతలు. ఏం చేశానో తెలుసా? చెప్పడానికి ఇప్పటికీ సిగ్గేస్తోంది. మెరుపు నూనె తెచ్చి పూసేశాను. అది గీతల్లో నిండి వాటిని కప్పేస్తుంది. రెండు మూడు సార్లు కడిగితేగాని బండారం బయటపడదు. ఆ గుడ్డని చెత్త డబ్బాలో అడుగుకి తొక్కాను. అద్దానికి పచ్చ స్టిక్కరు అంటించాను. దీపాలు ఆర్పేసి, షెడ్డు మూలనున్న అద్దాల గదిలో కుర్చీలో కూలబడ్డాను. టార్చి నా ఒళ్ళో ఉంది. ఇది గుర్తుపెట్టుకోండి... టార్చి నా ఒళ్ళోనే ఉంది.

ఎంతసేపు పడుకున్నానో తెలియదు.

టక్.

కళ్ళు తెరిచాను. చీకటి. బయట చిన్న వాన తుంపర.

సర్... సర్... సర్... చెప్పులు ఈడుస్తున్న చప్పుడు.

టక్.

"మహతో?" అన్నాను. చప్పుడు ఆగింది. అప్పుడొచ్చింది వాసన... నొప్పి బామ్ వాసన. మావయ్య కుడి భుజానికి రోజూ రాసుకునేవాడు.

సర్... సర్... టక్.

కుర్చీలోనే ముడుచుకున్నాను. "యేసయ్యా, యేసయ్యా" అనుకుంటున్నాను. సరిగ్గా అప్పుడే నది అవతల ఉక్కు కరిగించే ఫర్నేసు వైపు ఆకాశం ఎర్రబడింది. మా ఊళ్ళో మామూలే. ఆ ఎరుపు షెడ్డు లోపలికంతా వచ్చింది. నెమ్మదిగా... వరసలు కనపడ్డాయి. ఒక్కో కారు... ఒక్కో కారు... ఒక్కో వైపర్... నిలబడి ఉంది. అన్నీ డ్రైవరు వైపే. మనిషి మాత్రం లేడు.

నిజం చెప్పనా? అంత భయంలోనూ, ఆ ఎర్ర వెలుగులో నలభై రెండు నీలం కార్లని చూస్తూ ఉండిపోయాను. ఇంత అందంగా చేశామా మేము, అనుకున్నాను.

ఎరుపు తగ్గింది. చప్పుడు మళ్ళీ రాలేదు. టార్చి వేసుకుని బయటికి వచ్చాను. లెక్కపెట్టుకుంటూ నడిచాను. దేని మీదా వేలిముద్ర లేదు. నలభై ఒకటి దాకా అన్నీ లేచి ఉన్నాయి.

నలభై రెండోది లేవలేదు.

దాని ముందు నేల మీద గుడ్డ ఉంది. నేను చెత్త డబ్బాలో తొక్కిన గుడ్డ. ఎక్కడ పడిందో అక్కడే... ఎలా పడిందో అలాగే.

గేటు దాకా ఎలా పరిగెత్తానో దేవుడికే తెలియాలి. మహతో బీడీ కాలుస్తున్నాడు. "దీదీ, హమ్ తో గేట్ సే హిలే హీ నహీ" అన్నాడు. అసలు కదలనే లేదట. మరి లోపల ఎవరు తిరిగారని అడిగాను. వాడు నన్ను వింతగా చూశాడు. "ఆప్ హీ తో థీ! టార్చ్ లేకే, ఏక్-ఏక్ గాడీ దేఖ్ రహీ థీ." టార్చి వెలుగు ఒక్కో బండి దగ్గరా ఆగి ఆగి తిరగడం వాడు కళ్ళారా చూశాడట. నేనే అనుకున్నాడట. మహతో మా దగ్గర చేరింది మావయ్య పోయాకే. వైపర్ల సంగతి వాడికేం తెలుసు?

ఇంటికి పారిపోదామనే అనుకున్నాను. ఆటో దొరికి ఉంటే వెళ్ళిపోయేదాన్నేమో. కానీ భయం కన్నా సిగ్గు ఎక్కువైంది. తొమ్మిదేళ్ళు నేర్పిన మనిషి... ఆయన కళ్ళు కప్పాలని చూశాను కదా నేను!

మహతోని లోపలికి తీసుకొచ్చి, బండి దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చోమన్నాను. దీపాలన్నీ వేశాను. బానెట్ మీద నూనె అంతా కడిగేశాను. గీతలన్నీ బయటికొచ్చాయి. మెషిన్ పట్టుకుని మొదటినుంచి మొదలుపెట్టాను. మూలల దగ్గర చేత్తోనే రుద్దాను. ప్రతి తుడుపుకీ గుడ్డ మడత మార్చాను. చివర్లో వేళ్ళకి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని, కళ్ళు మూసుకుని నిమిరాను. జీవితంలో మొదటిసారి, చూడకుండానే తెలిసింది నాకు. ఎక్కడా గరుకు లేదు.

అప్పటికి తెల్లారుతోంది. మహతో టీ పెడతానని గేటు దగ్గరికి వెళ్ళాడు. నేను కారుకి వీపు పెట్టి కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్నాను. నీళ్ళు పడుతున్న చప్పుడు. దూరంగా మహతో స్టవ్ చప్పుడు.

సర్...

కుళాయి కట్టేశాను. వెనక్కి తిరగలేదు. తిరిగే ధైర్యం లేదు. వాసన వస్తోంది.

చాలాసేపు ఏమీ లేదు. చాలాసేపు...

టక్.

అక్కడే తడి నేల మీద కూర్చుని భోరున ఏడ్చాను.

ఏడింటికి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. వరసలన్నీ చూసి, చివరికి నలభై రెండో బండి దగ్గర ఆగాడు. జేబులోంచి చిన్న సీసా తీశాడు. స్పిరిట్! గుడ్డ తడిపి దాని బానెట్టే తుడిచాడు. నూనె పూసి దాచిన గీతలుంటే ఆ ఒక్క తుడుపుకి బయటపడిపోతాయి. అతను వంగి వంగి చూశాడు. "బహుత్ బఢియా" అన్నాడు, చాలా బాగుందని. "పని నేర్పినవాళ్ళు ఎవరు మేడమ్?" అని హిందీలో అడిగాడు. లేచి నిలబడి ఉన్న ఆ బండి వైపర్ వైపు చూశాను.

నిద్రలో నేనే లేచి తిరిగానంటుంది మా అమ్మ. కావచ్చు. ఆ గీతల సంగతి తెలిసింది నాకొక్కదానికే కదా. వేళ్ళకి వైపర్ నలుపు ఉందా అని చూసుకున్నాను కూడా. ఉంది. పాలిష్ చేసే చేతికి నలుపు ఎప్పుడు ఉండదు గనక? పోనీ, తెల్లవారుజామున నేను కుళాయి దగ్గర మెలకువగానే ఉన్నాను. మరి అప్పటి ఆ టక్ ఏమిటి? నాకు తెలియదు.

ఆ షెడ్డు ఇంకా నడుస్తోంది. వైపర్లు ఇప్పటికీ మేమెవరమూ ఎత్తం. కానీ ప్రతి పని అయ్యాక, అందరినీ పంపేసి, కారుకి వీపు పెట్టి కుళాయి దగ్గర కాసేపు నిలబడతాను. భయంగానే ఉంటుంది. అయినా నీళ్ళు కట్టేసి నిలబడతాను.

ఇంతవరకూ మళ్ళీ వినపడలేదు.