వేళ్ల కొసల కాయలు

గిటారు మాస్టారు ముందు పాట వినరు. ఎడమచేతి వేళ్ల కొసలు నొక్కి చూస్తారు. తీగల మీద నొక్కీ నొక్కీ అక్కడి చర్మం కాయలు కాయాలి. లేకపోతే వేలు తీగను గట్టిగా పట్టలేదు, స్వరం గరగరమంటుంది.

తాడేపల్లిగూడెం ఆర్కెస్ట్రాలో పన్నెండేళ్లు వాయించిన నా వేళ్లని ఆయన ఏలూరులో అలాగే నొక్కి, మొహం చిట్లించారు. "ఏం చేశావురా వీటిని?" అన్నారు. ఏం చేస్తాను? నాన్నకి నడుం పడిపోతే ఆర్నెల్లు కొల్లేట్లో మా చేపల చెరువు నేనే చూశాను. నీళ్లలో నాని నాని కాయలన్నీ పొరలు పొరలుగా ఊడిపోయాయి. ఇప్పుడేమో ఆర్కెస్ట్రా ఆయన, పది రోజుల్లో వచ్చి వాయించి చూపించు, లేదంటే వేరేవాళ్లని పెట్టుకుంటానన్నాడు. ఆ గిటారు కూడా పోతే నాకంటూ ఇంకేం మిగలదు.

మాస్టారు నన్ను పిల్లల వరసలో కూర్చోబెట్టారు. మొదటి పాఠం. ఒకటి, రెండు, మూడు, నాలుగు అంటూ నాలుగు వేళ్లూ వరసగా, ఒక్కో తీగ మీద. డెబ్బై దాటిన ఆయన కూడా రోజూ పొద్దున్నే ఇదే చేస్తారు. అయినా నాకు తల కొట్టేసినట్టయింది. పక్కనున్న ఎనిమిదేళ్ల పాప, మీరు కూడా కొత్తగా చేరారా అండీ అని అడిగింది. పన్నెండేళ్ల నుంచి వాయిస్తున్నానని కసిరాను.

రోజూ భీమడోలులో రైలెక్కి వెళ్లాను. ఎనిమిదో రోజుకి కొసలు కాస్త గట్టిపడ్డాయి. దేవుడా, ఇంకో రెండు రోజులు కాపాడు అనుకున్నాను.

శనివారం తెల్లారేసరికి మబ్బు పట్టేసింది. ఎండ లేక నీళ్లలో ప్రాణవాయువు తగ్గి, చెరువులో చేపలన్నీ ఊపిరాడక పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. వెంటనే వల లాగకపోతే ఒక్కటీ మిగలదు, మనుషులు చాలడం లేదు. మంచం మీంచి నాన్న, "నువ్వు దిగొద్దులేరా, రేపు వాయించాలిగా" అన్నాడు. ఆ మాటే నన్ను నీళ్లలోకి దింపింది. సాయంత్రం ఒడ్డెక్కి చూసుకుంటే కొసలు తెల్లగా ఉబ్బి, మెత్తగా ఉన్నాయి. వెధవ వేళ్లు! అక్కడే కూలబడి ఏడ్చాను.

ఆదివారం మొదటి పాటకే తీగ వేలిని కోసింది. ప్రతి స్వరమూ గరగరమంది. ఆర్కెస్ట్రా ఆయన మధ్యలోనే చెయ్యెత్తి, "మీరు రెస్ట్ తీసుకోండి, మేం కబురు పెడతామండీ" అన్నాడు. పన్నెండేళ్లూ నన్ను ఏరా అని పిలిచిన మనిషి. ఆ అండీతోనే నా పని అయిపోయిందని తెలిసింది.

సోమవారం మళ్లీ ఏలూరే వెళ్లాను. ఇంకెక్కడికి వెళ్లను? పాప నా పక్కకి జరిగి, మురిసిపోతూ చెయ్యి చాపింది.

"నాకు కాయలు కాశాయండీ. మీవి చూపించండి."

నేను చెయ్యి వెనక్కి దాచుకున్నాను.

"కొత్తగా చేరానమ్మా, నాకింకా కాయలేదు" అన్నాను.